‘పీపీటీ మేడమ్’ అంటున్నారు. ఈ ఉద్యోగంలో ఉండాలా, మారాలా?

ప్రశ్న: నాకు 32 ఏళ్ళు. కాకినాడలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో టెస్టింగ్‌లో చేరాను. తర్వాత హెచ్ఆర్, పేరోల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌కి వచ్చాను. అక్కడే మూడేళ్ళ క్రితం ప్రాడక్ట్ మార్కెటింగ్‌లోకి మారాను. సేల్స్ వాళ్ళు అడిగినప్పుడల్లా ప్రెజెంటేషన్లు చేసివ్వడం, డెవలపర్ల పని పూర్తయ్యాక ఆఖరి వారంలో లాంచ్ మెయిల్ రాయడం, వెబ్‌సైట్ పేజీలు మార్చడం, ఇదే నా పని. ఆఫీసులో ‘పీపీటీ మేడమ్’ అంటారు. ఏఐ వచ్చాక మా మేనేజర్ ప్రతిదానికీ ‘ఇది చాట్‌జీపీటీ చేసేస్తుంది కదా’ అంటున్నారు. మావారు ప్రాడక్ట్ మేనేజర్‌గా మారమంటున్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఎంఎస్‌కి రమ్మంటున్నాడు. లక్ష రూపాయలకు పైగా ఫీజుతో ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ఉంది, చేరమని వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. అమెరికా కస్టమర్లతో మాట్లాడేంత ఇంగ్లిష్ నాకు లేదని భయం. నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చెప్పలేకపోతున్నాను. ఇంటి లోన్ నడుస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (పేరు వద్దు, హైదరాబాద్)

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ రంగంలోనే ఉండండి. ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం ఉండకండి.

మీ ఉత్తరంలో సేల్స్ వాళ్ళు ఏమంటున్నారో ఉంది. మేనేజర్, భర్త, అన్నయ్య, కోర్సు అమ్మేవాళ్ళు ఏమంటున్నారో కూడా ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఏమంటున్నారో మాత్రం ఒక్క మాటా లేదు. సపోర్ట్‌లో ఉన్నప్పుడు రోజంతా కస్టమర్లతోనే మాట్లాడిన మీరు, మార్కెటింగ్‌లోకి వచ్చాక వాళ్ళకు దూరమైపోయారు. మీ ఇబ్బందుల్లో చాలావరకు అక్కడే మొదలయ్యాయని నా నమ్మకం.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాడక్ట్ మార్కెటింగ్ అంటే ఏమిటో చాలామంది మేనేజర్లకే స్పష్టంగా తెలియదు. ఈ సరుకు ఎవరి కోసం? వాళ్ళు ఇప్పుడు దాని బదులు ఏం వాడుతున్నారు? అది మానేసి మన దగ్గరికి ఎందుకు రావాలి? ఎంత ధర అయితే సరేనంటారు? వీటికి జవాబులు కనుక్కుని, వాటిని కంపెనీ అంతా ఒకే మాటగా చెప్పేలా చూడటమే ఆ పని. ప్రెజెంటేషన్లు, మెయిళ్ళు, వెబ్‌సైట్ పేజీలు ఆ జవాబుల్లోంచి పుట్టాలి. జవాబులు లేకుండా అవి మాత్రమే తయారుచేస్తూ ఉంటే ‘పీపీటీ మేడమ్’ అనే అంటారు.

ఈ పని విలువ తెలియాలంటే రెండు ఉత్పత్తుల కథ చూడండి. 2009 మేలో గూగుల్ వేవ్ అనేదాన్ని ప్రకటించారు. మెయిల్, చాట్, డాక్యుమెంట్ మూడూ కలిసిన సాధనం అది. దాన్ని కట్టినవాళ్ళు గొప్ప ఇంజినీర్లు. వెనకాల గూగుల్ పేరు ఉంది. మొదట్లో దాని ఇన్విటేషన్ కోసం జనం ఎగబడ్డారు. లోపలికి వెళ్ళాక దీంతో ఏం చేయాలో చాలామందికి అర్థం కాలేదు. దీన్ని మెయిల్ బదులు వాడాలా, చాట్ బదులు వాడాలా అన్నది ఎవరూ ఒక్క వాక్యంలో చెప్పలేకపోయారు. 2010 ఆగస్టులో గూగుల్ దాని అభివృద్ధిని ఆపేసింది. అదొక్కటే కారణమని అనను కానీ, పెద్ద కారణం మాత్రం అదే.

రెండోది స్లాక్ అనే ఆఫీసు చాట్ సాధనం. దాన్ని తెచ్చింది గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేసిన ఒక చిన్న కంపెనీ. 2012 చివర్లో ఆ గేమ్ మూసేశారు. గేమ్ కట్టేటప్పుడు తమలో తాము మాట్లాడుకోవడానికి చేసుకున్న పనిముట్టునే 2013లో స్లాక్ పేరుతో బయటికి తెచ్చారు. దాన్ని బయటివాళ్ళకు చూపించడానికి కొద్ది రోజుల ముందు, కంపెనీ అధిపతి స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ తన ఉద్యోగులకు ఒక పెద్ద ఉత్తరం రాశాడు. గ్రూప్ చాట్ కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు చాలా తక్కువమందే ఉంటారని, మనం అమ్మాల్సింది ఆఫీసులో పని జరిగే తీరులో మార్పు అని అందులో వివరించాడు. ప్రాడక్ట్ మార్కెటింగ్ అంటే సరిగ్గా ఇదే. ఆ ఉత్తరంలో ఒక్క ఫీచర్ కూడా కొత్తగా పుట్టలేదు. ఉన్నదాన్ని ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలో తేలింది.

ఇప్పుడు మీ పేరోల్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. మీ వెబ్‌సైట్ నేను చూడలేదు. అయినా మొదటి పేజీలో ‘ఏఐతో నడిచే సమగ్ర హెచ్ఆర్ వేదిక’ లాంటి వాక్యమేదో ఉండే ఉంటుంది. మీ పోటీ కంపెనీల పేజీల్లోనూ అదే ఉంటుంది. పాశమైలారంలో 400 మంది పనిచేసే ఒక ఫ్యాక్టరీ హెచ్ఆర్ మేనేజర్‌ని ఊహించుకోండి. ఆయనకు ‘సమగ్ర వేదిక’తో పని లేదు. ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. షిఫ్టులు మారినవాళ్ళ ఓవర్‌టైమ్ లెక్క తప్పితే, జీతం పడిన రోజు పొద్దున్నే గేటు దగ్గర గొడవ. ఇప్పుడివన్నీ ఎక్సెల్‌లో చూసుకునే గుమస్తా ఒకరు ఉంటారు. ఆ మనిషి సెలవు పెడితే ఈయనకు నిద్ర పట్టదు. ఆ 15వ తేదీ గండం దాటించే మాట మీ పేజీలో మొదటి వాక్యంగా ఉందనుకోండి, ఆయన ఆగి చదువుతాడు. మీ అసలు పోటీ పక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా కాదు, ఆ ఎక్సెల్ ఫైలే.

ఇంకొకటి చూడండి. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. జీతంలో అలవెన్సుల వాటా సగం దాటితే, దాటిన మొత్తాన్ని వేతనం కిందే లెక్కించాలి. మీ కంపెనీలో దీన్ని ‘లెక్క మార్చాం, కొత్త వెర్షన్ వచ్చింది’ అని ఒక లాంచ్ మెయిల్‌తో ముగించేసి ఉంటారు. కస్టమర్ దగ్గర మాత్రం అది ఎన్నో ప్రశ్నలుగా మారుతుంది. గ్రాట్యుటీ భారం ఎంత పెరుగుతుంది? చేతికొచ్చే జీతం తగ్గుతుందా అని ఉద్యోగులు అడిగితే ఏం చెప్పాలి? ఆడిటర్‌కి ఏం చూపించాలి? ఈ ప్రశ్నలు మీ సపోర్ట్ టికెట్లలో ఇప్పటికే పడి ఉంటాయి. మీరు వెళ్ళి ఆ టికెట్లు చదవాలి. కొత్త వెర్షన్ గురించి మెయిల్ రాయడం ఎవరికైనా చేతనవుతుంది. ఈ ప్రశ్నలకు జవాబుగా రెండు పేజీల పత్రం తయారుచేసి సేల్స్ వాళ్ళ చేతికిస్తే, వాళ్ళు మిమ్మల్ని పిలిచే పేరు మారిపోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మధ్య రెండు మూడు నెలల్లో మీ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళ జాబితా, చివరిదాకా వచ్చి కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళ జాబితా తీసుకోండి. అంతకన్నా పాతవాళ్ళయితే అప్పుడేం జరిగిందో మర్చిపోతారు. రెండు వైపులా కొందరితో అరగంట చొప్పున మాట్లాడండి. మీరు అమ్మడానికి రాలేదని మొదటి నిమిషంలోనే చెప్పండి. సేల్స్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఆయన ఉంటే కస్టమర్ మొహమాటపడతాడు.

‘మా ఫీచర్లలో ఏది నచ్చింది’ అని అడగకండి. మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు, దాంతో మీకు ఒరిగేదేమీ ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పించండి. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని మొదట అనిపించింది ఎప్పుడు? ఆ రోజు ఏం జరిగింది? ముందు ఎవరితో మాట్లాడారు? ఇంకెవరివి చూశారు? సంతకం పెట్టేముందు అడ్డుపడింది ఎవరు? కొనాలనుకునేది హెచ్ఆర్, డబ్బిచ్చేది ఫైనాన్స్, భద్రత పేరుతో ఆపగలిగేది ఐటీ. ముగ్గురికీ మూడు భయాలు. మీ ప్రెజెంటేషన్ మొత్తం హెచ్ఆర్‌కే చెప్తుంటే మిగతా ఇద్దరూ ఆపేస్తారు.

కొననివాళ్ళతో మాట్లాడటం ఇంకా ముఖ్యం. మీ సీఆర్ఎంలో, అంటే సేల్స్ వాళ్ళు కస్టమర్ల వివరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, పోయిన డీల్స్ తెరిచి చూస్తే, దాదాపు అన్నింటికీ ‘ధర ఎక్కువ’ అనే కారణం కనిపిస్తుంది. సేల్స్ వాళ్ళకు అది తేలికైన కారణం. ఫోన్ చేసి అడిగితే వేరే కథలు వస్తాయి. ‘మా అకౌంటెంట్ తన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీని వదలనన్నాడు.’ ‘ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత నెలల లెక్కలు, టీడీఎస్ అన్నీ మళ్ళీ ఎక్కించాలన్నారు, అందుకే ఏప్రిల్ దాకా ఆగుదామనుకున్నాం.’ ఈ రెండో మాట నలుగురి నోట వింటే చాలు, మీ కంపెనీ ప్రచారమంతా ఏ నెలల్లో పెట్టాలో మీకు తెలిసిపోతుంది. జనవరిలో చేయాల్సిన ఖర్చు జులైలో చేస్తున్నామని మీటింగ్‌లో ఆధారాలతో చెప్పగలిగిన మనిషిని ఎవరూ స్లైడ్ల రంగులు మార్చమని అడగరు.

చెన్నైలో ఫ్రెష్‌డెస్క్ అనే కస్టమర్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ పుట్టిన తీరు ఇలాంటిదే. 2010లో జెండెస్క్ అనే అమెరికా కంపెనీ తన సపోర్ట్ సాఫ్ట్‌వేర్ ధరలు బాగా పెంచింది. కస్టమర్లు కోపంతో ఇంటర్నెట్‌లో రాసుకుంటుంటే గిరీష్ మాతృభూతం ఆ వ్యాఖ్యలు చదివాడు. అప్పటికి ఆయన జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆ కోపంలో ఆయనకు ఒక మార్కెట్ కనిపించింది. ఉద్యోగం మానేసి, స్నేహితుడు షాన్ కృష్ణసామితో కలిసి కంపెనీ పెట్టాడు. అదే ఫ్రెష్‌వర్క్స్ అయి, 2021 సెప్టెంబర్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయింది. ఆ వ్యాఖ్యలు రహస్యమేమీ కాదు, ఎవరైనా చదవగలిగినవే. మిమ్మల్ని కంపెనీ పెట్టమని అనడం లేదు. కస్టమర్ కోపాన్ని శ్రద్ధగా చదివేవాళ్ళకు ఈ పరిశ్రమలో ఎంత విలువ ఉందో చెప్తున్నాను. సపోర్ట్‌లో పనిచేశారు కాబట్టి ఆ కోపం మీకు కొత్త కాదు. టెస్టింగ్ చేశారు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కడ విరుగుతుందో తెలుసు. పెద్ద కాలేజీలో ఎంబీఏ చేసి నేరుగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు ఈ రెండూ ఉండవు.

ఇంగ్లిష్ గురించి. అమెరికా కస్టమర్లతోనే మొదలుపెట్టాలని ఎవరన్నారు? బాలానగర్‌లో, పటాన్‌చెరులో, విశాఖలో ఉన్నవాళ్ళకు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడండి. ‘ఏమ్మా, మీ సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది కానీ...’ అని మొదలుపెట్టి వాళ్ళు చెప్పేది ఇంగ్లిష్ కాల్‌లో ఎప్పటికీ బయటికి రాదు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేదే మీకు కావాల్సింది. అలా కొన్ని సంభాషణలు అయ్యాక అమెరికా కాల్స్ రికార్డింగులు వినండి, తర్వాత ఒకటి రెండిట్లో పక్కన కూర్చోండి. ఇంటర్వ్యూ చేసే మనిషి మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. పది ప్రశ్నలు స్పష్టంగా అడగగలిగితే సరిపోతుంది. యాస గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక ఏఐ. మీ మేనేజర్ మాటలో సగం నిజం ఉంది, దాచను. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి బ్లాగులు, లాంచ్ మెయిళ్ళు, ఫీచర్ల జాబితాలు మొదటి ప్రతి వరకు నిమిషాల్లో వస్తున్నాయి. వాటి కోసమే మనిషిని పెట్టుకునే రోజులు పోతున్నాయి. మీరు కూడా వాటికి ఏఐనే వాడండి, మొహమాటం వద్దు. మిగిలిన గంటలు కస్టమర్ల మీద పెట్టండి. పాశమైలారం మేనేజర్ నిన్న మీతో ఫోన్‌లో అన్న మాట ఏ ఏఐకీ తెలియదు, మీరు చెప్తే తప్ప. మీ దగ్గర అలాంటి మాటలు లేనప్పుడు మీరు రాసేదీ అది రాసేదీ ఒకేలా ఉంటాయి. అప్పుడు మేనేజర్‌ని తప్పుపట్టలేం.

మీవారు చెప్పిన ప్రాడక్ట్ మేనేజర్ సంగతి. అది ఇంకో ఉద్యోగమే తప్ప మీ ఉద్యోగానికి పైమెట్టు కాదు. ఏది కట్టాలి, ఏది వద్దు అని తేల్చడం, ఇంజినీర్లతో రోజూ కూర్చుని దాన్ని పూర్తి చేయించడం మీకు ఇష్టమైతే తప్పకుండా ఆలోచించండి. మన దగ్గర చాలా కంపెనీల్లో ఆ పేరుతో ఉన్నవాళ్ళు రోజంతా జీరా అనే పనుల జాబితా సాఫ్ట్‌వేర్‌లో టికెట్లు రాస్తూ, డెడ్‌లైన్ల వెంట పరుగెడుతుంటారు. ఇక్కడి చికాకు తప్పించుకోవడానికి అక్కడికి వెళ్తే వేరే చికాకు దొరుకుతుంది. ఆరునెలలు కస్టమర్లతో మాట్లాడిన తర్వాత కూడా అటే మనసు లాగితే, అప్పుడు మీ దగ్గరున్న సమాచారంతోనే ఆ ఉద్యోగం అడగవచ్చు. మీ కంపెనీలోనే ఇస్తారు.

లక్ష రూపాయల కోర్సులో చేరకండి. రోజూ ఫోన్ చేస్తున్నారంటేనే మీకు అర్థం కావాలి. సర్టిఫికెట్ చూసి ఈ ఉద్యోగం ఇచ్చినవాళ్ళు నాకు తారసపడలేదు. పొజిషనింగ్ (సరుకు ఎవరికి, దేని బదులు అని తేల్చడం), ధరల పద్ధతులు, లాంచ్ ప్రణాళిక లాంటి విషయాలు పుస్తకాల్లో, ఉచిత వీడియోల్లో కావాల్సినంత ఉన్నాయి. మీ కంపెనీ ఫీజు కడతానంటే చేరండి, నష్టం లేదు.

అన్నయ్య ప్రేమతో చెప్తున్నాడు, కాదనను. కానీ ఆయన ఇంజినీర్ల లెక్క చెప్తున్నాడు. అమెరికాలో డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఓపీటీ అనే విద్యార్థుల పని అనుమతి మీద పనిచేసుకోవచ్చు. ఇంకో రెండేళ్ళ పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులకే ఉంది. మామూలు మార్కెటింగ్ డిగ్రీలు చాలావరకు అందులోకి రావు, బిజినెస్ అనలిటిక్స్ లాంటివి వస్తాయి. ఆ తర్వాత హెచ్‌-1బి వర్క్ వీసా లాటరీ. అది దాటినా, ఈ ఉద్యోగానికి ప్రత్యేకంగా ఇదే డిగ్రీ కావాలని నిరూపించడం మార్కెటింగ్ పోస్టులకు ఇంజినీరింగ్ పోస్టులకన్నా కష్టం. పైగా 2025 సెప్టెంబర్‌లో, దేశం బయటినుంచి తీసుకునేవాళ్ళ కొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకున్నవాళ్ళ పరిస్థితి దానికి కొంత వేరు అయినా, ఆ వార్త తర్వాత కంపెనీలు వెనకాడుతున్నాయి. ఇంటి లోన్ ఉండగా ఇంకో లోన్ తీసుకుని ఈ పరీక్ష రాయమని నేను చెప్పలేను.

మీ మేనేజర్ దగ్గరికి అనుమతి కోసం వెళ్ళేటప్పుడు ‘నాకు ఎదుగుదల లేదు’ అని మొదలుపెట్టకండి. ‘గత మూడు నెలల్లో పోయిన డీల్స్ ఎందుకు పోయాయో కనుక్కుని నెలాఖరుకి మీకు ఒక పేజీ ఇస్తాను, వారానికి మూడు గంటలు కావాలి’ అనండి. ఏ మేనేజరూ దీన్ని కాదనడం కష్టం. ఆ పేజీలో కస్టమర్ల మాటలు వాళ్ళన్నట్టే పెట్టండి, మీ సొంత అభిప్రాయం చివర్లో రెండు వాక్యాలు చాలు. ఒక అంకెను కూడా మీదిగా చేసుకోండి. అన్నీ మోయకండి, ఒక్కటే. ఉదాహరణకి, ఫలానా పోటీ కంపెనీతో తలపడ్డ ప్రతి పది డీల్స్‌లో ఎన్ని గెలుస్తున్నాం? ఈ రోజు ఎంత ఉందో రాసిపెట్టుకోండి. మీరు చేసిన మార్పుల తర్వాత ఎంతైందో చూడండి. గెలుపు మీ ఒక్కరి వల్లే రాదు, అందులో సేల్స్ వాళ్ళ కష్టం ఉంది, ఆ మాట మీరే ముందు చెప్పండి. రేపు మీ రెజ్యూమెలో ‘50 ప్రెజెంటేషన్లు చేశాను’ అన్నదానికన్నా ఈ ఒక్క అంకె బరువైనది.

తొమ్మిది నెలలు ఇలా చేసి చూడండి. అప్పటికీ కస్టమర్లతో మాట్లాడనివ్వకపోతే, మీరు తెచ్చిన సమాచారాన్ని ఎవరూ చదవకపోతే, కంపెనీ మారండి. మారేటప్పుడు కొంచెం చూసుకోండి. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల పెద్ద పెద్ద కేంద్రాలున్నాయి, జీతాలూ బాగుంటాయి. కానీ ధర, సందేశం లాంటి నిర్ణయాలు చాలావరకు వాళ్ళ ప్రధాన కార్యాలయంలోనే జరుగుతాయి, ఇక్కడికి స్లైడ్ల పనే వస్తుంది. అందులో మంచి ఉద్యోగాలు లేవని కాదు, అడిగి తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడే తయారుచేసి ఇక్కడి నుంచే అమ్మే కంపెనీల్లో ఈ పనికి చోటు ఎక్కువ. చెన్నైలో జోహో, మన హైదరాబాద్‌లో 2015లో మొదలైన డార్విన్‌బాక్స్ అలాంటివే. ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. వెబ్‌సైట్ మొదటి వాక్యం మీద చివరి మాట ఎవరిది? ధర మార్చినప్పుడు ఈ టీమ్‌ని పిలిచారా? పోయిన నెలలో ఈ టీమ్ ఎంతమంది కస్టమర్లతో మాట్లాడింది? ఆఖరి ప్రశ్నకు వాళ్ళు నీళ్ళు నమిలితే అక్కడ చేరకండి.

అత్తగారికి ఇలా చెప్పండి: ‘మా కంపెనీ చేసే సాఫ్ట్‌వేర్ ఎవరికి పనికొస్తుందో కనుక్కుంటాను అత్తయ్యా, వాళ్ళకు అర్థమయ్యేలా చెప్తాను, ఎంతకి అమ్మాలో తేల్చడంలో సాయం చేస్తాను.’ ఆవిడకు అర్థమవుతుంది. మీరు ఆ పని నిజంగా చేస్తున్నప్పుడు చెప్పడం ఇంకా తేలిక.

లోన్ ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, అందులో చేరే తేదీ, నోటీసు పీరియడ్ షరతులు చదివాకే రాజీనామా మెయిల్ పంపండి. ఈలోగా కనీసం ఆరునెలల ఈఎంఐకి సరిపడా డబ్బు ఖాతాలో ఉండేలా చూసుకోండి.